సులేమానియా లెక్కల టీచరు ఉత్తరం

సంపాదకుల వారికి నమస్కారములు.

ఇరాక్ అన్న మాట మీ పత్రికలో కనిపించిన రోజున ఒంగోలు నుంచి మా అమ్మ తప్పకుండా నాకు ఫోను చేస్తుంది. అక్కడ బాంబు పేలినా, ఎన్నికలు జరిగినా, చమురు ధర పెరిగినా ఆమె అడిగేది ఒకటే: "మీ ఊళ్ళోనా?" మా ఊరంటే సులేమానియా. ఇరాక్ ఈశాన్యాన, ఇరాన్ సరిహద్దుకు చేరువలో, గోయిజా, అజ్మర్ కొండల కింద ఉన్న కుర్దుల నగరం. ఆరేళ్ళుగా అక్కడ ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతున్నాను. వేసవి సెలవులకు ఇంటికి వచ్చి, అమ్మ దాచిపెట్టిన పాత పత్రికలు తిరగేస్తూ ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మీరు వేసిన వార్తలు తప్పని నా ఫిర్యాదు కాదు. అవన్నీ నిజమే. అయితే ఆ దేశంలో ఒక మనిషి పొద్దున లేచి రాత్రి పడుకునేలోగా ఏయే సంగతులకు సంతోషపడతాడో వాటిలో ఎక్కడా కనిపించదు కాబట్టి, "ఇంకా అక్కడెందుకున్నావు?" అని అడిగే మా బంధువులకు జవాబు చెప్పడం నాకు కష్టమైపోతోంది. ఆ జవాబు మీ పాఠకులందరికీ ఒకేసారి చెప్పుకుంటాను. ఉత్తరం పొడవైతే మన్నించండి. మెట్టు వదలకుండా లెక్క చేయడం మా వృత్తిలో అలవాటు.

ముందు నన్ను పిలిచే పేరు సంగతి. కుర్దిష్‌లో ఉపాధ్యాయుణ్ణయినా, ఉపాధ్యాయురాలినయినా "మామొస్తా" అంటారు. మసీదులో ప్రార్థన చేయించే పెద్దాయనకూ అదే పేరు, పండితుడికీ అదే పేరు. మొదటి ఏడాది నేను బడి వరండాలో నిలబడి వీడియో కాల్ చేసినప్పుడు, వెనక పిల్లలు "మామొస్తా, మామొస్తా" అని అరవడం విని మా అమ్మ, "ఏ మామొస్తాడే? పాపం, ఎవరి కోసం ఆ పిల్లలు అట్టా ఎదురు చూస్తన్నారు?" అని అడిగింది. ఆ పిలుపు బడి గేటు దగ్గర ఆగిపోదు. కూరగాయల అంగట్లో, టాక్సీలో, బ్యాంకు వరుసలో, నేను టీచర్నని తెలిసిన క్షణం నుంచి నాకు వేరే పేరు ఉండదు. ఒంగోలులో పంతొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పాను; బజారులో నన్ను చూసి రోడ్డు దాటిపోయిన విద్యార్థులే ఎక్కువ.

అయితే ఆ గౌరవంలో ఒక చిక్కు ఉంది. పండ్ల కొట్టు అతను ధర అడగ్గానే "కాబిలీ నియా" అంటాడు. మీ ముందు ఇదో లెక్కా అని దాని అర్థం. అది మర్యాద మాటేగాని, నిజంగా ఊరికే ఇవ్వడం కాదు. రెండోసారి అడగాలి, మూడోసారి అడగాలి, అప్పుడు ధర చెబుతాడు. ఈ పద్ధతి తెలియక, వెళ్ళిన కొత్తలో, హలబ్జా దానిమ్మలు బజారుకు వచ్చే శరదృతువు రోజుల్లో, రెండు కిలోల కాయలు సంచిలో వేసుకుని, ఎంత మంచి మనుషులో అనుకుంటూ ఇంటికి వచ్చేశాను. తోటి టీచరు విషయం చెప్పాక సిగ్గుతో డబ్బు పట్టుకుని పరుగెత్తాను. ఆయన ఆ డబ్బు పుచ్చుకోవడానికి కూడా మూడుసార్లు కాదన్నాడు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట "మాందూ నబీ". అలసిపోకుండా ఉందువుగాక అని దాని అర్థం. పని చేస్తున్న ఏ మనిషి పక్క నుంచి వెళ్ళినా ఆ మాట అనకుండా దాటిపోరు. రోడ్డు ఊడ్చేవారికి, బస్తాలు దింపేవారికి, కాగితాలు దిద్దుతున్న టీచరుకు, నడి ఎండలో గోడ కడుతున్న తాపీ మేస్త్రీకి అందరికీ అదే పలకరింపు. మన పల్లెల్లో కలుపు తీస్తున్న మనిషిని "కలుపు తీస్తున్నావా?" అని పలకరిస్తాం, కళ్ళకు కనిపిస్తున్నదాన్నే అడగడంలో ఉన్న ఆప్యాయత తెలియనివారికి అది తెలివితక్కువ ప్రశ్నలా ఉంటుంది. అక్కడివారు ఆ ప్రశ్న కూడా లేకుండా నేరుగా అలసటనే పలకరిస్తారు. నాలుగు పీరియడ్లు చెప్పి గొంతు బొంగురుపోయి బయటికి వస్తే, మూడంతస్తులూ తడిగుడ్డ పెట్టిన ఆయా నాకు ఎదురై నన్ను "మాందూ నబీ, మామొస్తా" అంటుంది. మొదట్లో నేను దాన్ని ప్రశ్న అనుకుని, "లేదు లేదు, నేనేమీ అలసిపోలేదు" అని వచ్చీరాని మాటల్లో జవాబు చెప్పేదాన్ని. పిల్లలు విరగబడి నవ్వేవారు. ఇప్పుడు ఆమెకంటే ముందే నేను అంటాను. ఎవరు ముందంటారో అన్న పోటీ మా ఇద్దరికీ రోజూ ఉంటుంది.

వంట చేసినవారికి, బట్ట కుట్టినవారికి, చివరికి బోర్డు మీద వృత్తం చక్కగా గీసినవారికి కూడా "దస్త్ ఖోష్" అంటారు. నీ చేతులు చల్లగా ఉండాలి అన్నట్టు. తినేవాడికి "నోషీ గ్యాన్" అంటారు. అది నీ ప్రాణానికి పట్టాలని. ఏదైనా సాయం అడిగితే "సర్ చావ్" అంటారు. మొదటిసారి చావు మాట వినిపించి ఉలిక్కిపడ్డాను. చావ్ అంటే కన్ను. మనం శిరసావహించేదాన్ని వాళ్ళు కంటి మీద పెట్టుకుంటారన్నమాట. ఇవన్నీ పైపై మర్యాదలు కావా అని మా తమ్ముడు వాదిస్తాడు. కావచ్చు. మా పక్కింటాయన ప్రభుత్వ బడిలో రసాయనశాస్త్రం చెబుతాడు. 2014 నుంచి ఆ ప్రాంతపు ప్రభుత్వోద్యోగుల జీతాలు సమయానికి వచ్చింది తక్కువ. 2023లో బడులు తెరవాల్సిన వేళ ప్రభుత్వ ఉపాధ్యాయులు నెలల తరబడి సమ్మె చేశారు. ఆయన సాయంత్రం పూట టాక్సీ నడుపుతాడు. రాత్రి పదింటికి కారు ఆపి, మెట్ల మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్న నన్ను చూసి "మాందూ నబీ" అంటాడు. అది పైపై మాట అనడానికి నాకు నోరు రాదు.

తరగతి గదిలోకి వస్తే, లెక్కల టీచరుకు అక్కడ మొదటి దెబ్బ అంకెల దగ్గరే తగులుతుంది. మా పాఠాలు ఇంగ్లీషులోనే అయినా, బజారు ధరల పలకల మీద, పిల్లల చిన్ననాటి పుస్తకాల్లో వేరే అంకెలు ఉంటాయి. మన సున్న ఆకారంలో ఉన్నది వాళ్ళ అయిదు. వాళ్ళ సున్న ఒట్టి చుక్క. ఏడు ఇంగ్లీషు 'వి'లా ఉంటుంది, దాన్ని బోర్లిస్తే ఎనిమిది. ఆ చుక్కలు చూడక, సున్నలనుకున్నవి అయిదులని తెలియక, మొదటి నెల నేను చేసిన కూరగాయల బేరాలు చెప్పుకోదగ్గవి కావు. విచిత్రం ఏమిటంటే అరబ్బీలో ఆ అంకెలను భారతీయ అంకెలనే అంటారు. ఆరో తరగతి పిల్లవాడు ఒకడు నేను బోర్డు మీద తడబడటం చూసి, "మామొస్తా, ఇవి మీవే కదా, మీకెందుకు రావు?" అని అడిగాడు. ఆ రోజు పాఠం పక్కన పెట్టి, సున్నతో కూడికలు తీసివేతలు ఎలా చేయాలో 628లో బ్రహ్మగుప్తుడు నియమాలు రాయడం దగ్గర మొదలుపెట్టి, ఆ లెక్క బాగ్దాదుకు వెళ్ళడం, అక్కడి నుంచి అల్జీబ్రా అన్న పేరుతో ప్రపంచమంతా తిరగడం దాకా చెప్పాను. బాగ్దాదు అంటే మా పిల్లలకు రాజధాని, పాత భయాల పేరు. అది లెక్కల ఊరు కూడా అన్నది వాళ్ళకు కొత్త.

ఒకటి నుంచి పది వరకు వాళ్ళు నాకు నేర్పారు: యెక్, దూ, సే, చ్వార్, పేంజ్, షష్, హవ్త్, హష్త్, నో, ద. కొంచెం హిందీ, కొంచెం సంస్కృతం చెవిన పడిన ఏ తెలుగువారికైనా ఇవి పది నిమిషాల పని. పంచ పేంజ్ కావడం, సప్త హవ్త్ కావడం, అష్ట హష్త్ కావడం చూస్తే, దూరపు చుట్టాల ముఖంలో మన తాతగారి ముక్కు కనిపించినట్టుంటుంది. తమాషా ఏమిటంటే ఆ చుట్టరికం సంస్కృతానికీ హిందీకీ ఉందిగాని మన ఒకటి, రెండు, మూడుకు లేదు. మన అంకెలు విని పిల్లలు ముచ్చటపడ్డారు. "తొమ్మిది" అన్న మాట మా ఏడో తరగతిలో ఇప్పుడొక ఆట. ఎవరు తడబడకుండా పదిసార్లు అంటే వారికి ఆ రోజు ఇంటిపని ఉండదు.

అక్షరాల్లో మాత్రం వాళ్ళకూ మనకూ ఒక దగ్గరితనం ఉంది. సులేమానియాలో మాట్లాడే కుర్దిష్‌ను సొరానీ అంటారు. అరబ్బీ లిపిని సవరించుకుని, అరబ్బీలో రాయకుండా వదిలేసే అచ్చులను కూడా దాదాపు అన్నిటినీ రాస్తారు. ఆ భాషలో రెండు ల-లు, రెండు ర-లు ఉన్నాయి. తేలిక ల ఒకటి, బరువు ల ఒకటి. మామూలు ర ఒకటి, అదిరే ర ఒకటి. బరువు ల నెత్తిన, అదిరే ర కాళ్ళ దగ్గర చిన్న 'వి' గుర్తు పెడతారు. మనకు ల, ళ ఉన్నాయి. ర పక్కన బండి ఱ ఉండేది, దాన్ని మనమే బడి వాచకాల్లోంచి సాగనంపేశాం. వాళ్ళ బరువు ల మన ళ కాదు. మనది నాలుక మడిచి పలికేది, వాళ్ళది నాలుక వెనకభాగం లేపి గొంతు లోతు నుంచి పలికేది. ఈ తేడా నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. చలికాలం చివర సులేమానియా కూడళ్ళలో కుర్రాళ్ళు నర్గీస్ పూల కట్టలు అమ్ముతారు; ఒక పొద్దున ఎనిమిదో తరగతి అమ్మాయి ఒక కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నేను మురిసిపోయి, అప్పుడే నేర్చుకున్న మాటతో, "ఎంత అందమైన గుల్!" అన్నాను. గది ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. బరువు ల-తో అంటే పువ్వు. నేను అన్నట్టు తేలిక ల-తో అంటే కుష్టు రోగం.

తరువాత నవ్వులు ఎంతసేపు సాగాయో చెప్పను. ఆ అమ్మాయి లేచి వచ్చి రెండు మాటలూ బోర్డు మీద పక్కపక్కన రాసి, నా చేత ఇరవైసార్లు అనిపించింది. వెనక బల్ల నుంచి ఒకడు, "మామొస్తాకు కర్ కూడా నేర్పండి, లేకపోతే ప్రమాదం" అన్నాడు. ఆ మాటను మామూలు ర-తో అంటే గాడిద, అదిరే ర-తో అంటే చెవిటి మనిషి. నేను ఊరుకోలేక బోర్డు మీద తెలుగులో "కల", "కళ" రాసి పలకమన్నాను. ముప్పై మందిలో ఒక్కరికీ ళ పలకలేదు. లెక్క సమానమైంది. ఆ పీరియడ్‌లో నేను చెప్పవలసిన వర్గసమీకరణాలు మరుసటి ఆదివారానికి వెళ్ళిపోయాయి. (అక్కడ బడి వారం ఆదివారం మొదలై గురువారంతో ముగుస్తుంది, శుక్ర, శనివారాలు సెలవు. ఆరేళ్ళయినా ఆదివారం పొద్దున లేచి బడికి తయారవడం నా ప్రాణానికి అలవాటు కాలేదు.)

నగరం గురించి రెండు మాటలు. సులేమానియాను 1784లో బాబాన్ వంశపు ఇబ్రహీం పాషా కట్టించాడు. అంటే ఊళ్ళ లెక్కలో చిన్న వయసుదే. కాని ఆ ఊళ్ళో ప్రధాన వీధికి సలీం అనే కవి పేరు, బజారు వీధికి మౌలవీ అనే ఇంకో కవి పేరు. 2019లో యునెస్కో దాన్ని సాహిత్య నగరంగా గుర్తించింది. బజారులో షాబ్ చాయ్‌ఖానా అని ఒకటి ఉంది. గోడల నిండా రచయితల, కవుల ఫోటోలు; బల్లల నిండా డొమినో ఆడే ముసలివాళ్ళు. నడుము సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసు, దాన్ని ఇస్తికాన్ అంటారు, అడుగున పంచదార వేసి, పైన కషాయమంత చిక్కని టీ పోసి, పాలు లేకుండా ఇస్తారు. పాలు పోయని టీ టీ ఎలా అవుతుందని మొదట్లో నాకు కోపం వచ్చేది. ఇప్పుడు సెలవుల్లో ఇక్కడ అమ్మ పెట్టే టీ పాయసంలా అనిపిస్తోంది. చాయ్‌ఖానాకు వెళ్ళిన కొత్తలో చాలాసార్లు ఆ హాలులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఎవరూ వింతగా చూడలేదు, నేను కూర్చున్న బల్ల తుడిచి వెళ్ళారంతే. ఈ మధ్య కాలేజీ అమ్మాయిలు పుస్తకాలతో వచ్చి కూర్చుంటున్నారు.

తిండి విషయంలో మాత్రం గుంటూరు, ప్రకాశం జిల్లాల నాలుకకు అక్కడ కారం దొరకదు. దొరికేది పులుపు. పక్కింటి ఆవిడను మేమందరం పూర్ అంటాం. పిన్ని అయినా మేనత్త అయినా వాళ్ళకు ఒకటే మాట. ఆవిడ శుక్రవారం యాప్రాఖ్ చేస్తుంది. ద్రాక్షాకుల్లో, బచ్చలిలాంటి పెద్ద ఆకుల్లో, ఉల్లిపాయ పొరల్లో, గుమ్మడి జాతి చిన్న కాయల్లో, వంకాయల్లో బియ్యం, మాంసం, మూలికలు కూరి, పెద్ద గిన్నెలో వరుసలుగా పేర్చి, పుల్లని రసంలో ఉడికించి, చివరకు గిన్నెను గిన్నెంత పళ్ళెంలోకి ఒక్కసారిగా బోర్లిస్తారు. ఆ బోర్లించే క్షణాన ఇంట్లో అందరూ మాటలు ఆపేస్తారు. పొద్దున్నే ఆడవాళ్ళంతా నేల మీద గుండ్రంగా కూర్చుని ఆకులు చుడతారు. నాకు మాంసం అలవాటు లేదు కాబట్టి పళ్ళెంలో ఒక మూల మాంసం లేకుండా చుట్టినవి వేరే ఉంటాయి, దారంతో కట్టి గుర్తు పెట్టి. తమలపాకు చిలకలు చుట్టే ఇంట్లో పుట్టాను, నా చుట్టడానికి పూర్ "దస్త్ ఖోష్" అంటుంది. అది నాకు దొరికిన పెద్ద యోగ్యతాపత్రం.

బజారులో చింతపండు షర్బత్ అమ్ముతారు. చింతపండును వాళ్ళు "తమ్రీ హిందీ" అంటారు, భారతదేశపు ఖర్జూరం అని. ఇంగ్లీషు పేరు కూడా ఆ అరబ్బీ మాట నుంచే వచ్చింది. ఆ సంగతి తెలిసిన రోజున నేను పూర్‌కు పులిహోర చేసి తీసుకువెళ్ళాను. బియ్యం పసుపు రంగులో ఉండటం, వేరుశనగలు అందులో ఉండటం, అన్నిటినీ మించి ఆ పులుపు ఆవిడకు ఎంత నచ్చాయంటే, నా వంటకు ఆ మేడలో ఒక పేరు వచ్చేసింది. ఆవకాయ మాత్రం ఒక్కసారే పెట్టాను. ఆవిడ భర్త, పైన చెప్పిన రసాయనశాస్త్రం మాస్టారు, కన్నీళ్ళు తుడుచుకుంటూ ఇది ఏ ఆమ్లమని అడిగాడు.

చలికాలం అంత సులభం కాదు. ఈ మధ్య వరకు కరెంటు పోతే పేట జనరేటరు మీద బతకాల్సి వచ్చేది. నెలకు ఇన్ని ఆంపియర్లని కొనుక్కునేవాళ్ళం. హీటరూ, ఇస్త్రీపెట్టె ఒకేసారి పెడితే మీట పడిపోయేది. రషబా అని ఒక గాలి వీస్తుంది, నల్లగాలి అని అర్థం, రాత్రంతా కిటికీలు కొట్టుకుంటాయి. నన్ను మొదట తీసుకువెళ్ళిన బడి మూడు నెలలు జీతం ఆపింది కూడా ఒక చలికాలంలోనే; ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. అయినా మంచు పడిన పొద్దున ఒక పిల్లవాడు కిటికీలోంచి చూసి "బఫ్ర్!" అని కేక వేస్తే, తరగతితోపాటు నేనూ పరుగెత్తుతాను. ఒంగోలు ఎండల్లో నలభై ఏళ్ళు బతికిన మనిషికి మంచు ఎన్నిసార్లు పడినా పాతబడదు.

ఒక డిసెంబరులో పిల్లలను అమ్నా సూరకాకు తీసుకువెళ్ళాం. అది 1991 దాకా సద్దాం భద్రతా పోలీసుల కార్యాలయం, చెరసాల, ఇప్పుడు మ్యూజియం. లోపల ఒక సన్నని దారిలో గోడలకు 182000 అద్దపు ముక్కలు అతికించారు, 1988లో కుర్దుల మీద సద్దాం ప్రభుత్వం జరిపిన అన్ఫాల్ దాడుల్లో చనిపోయినవారికి ఒక్కొక్కటి చొప్పున. పైన 4500 చిన్న దీపాలు, నేలమట్టమైన ఊరికొకటి. బోర్డు మీద ఆరంకెల సంఖ్య రాసి క్షణంలో తుడిచేసే నాకు, ఆ సంఖ్య మధ్య నుంచి నడవడం అదే మొదటిసారి. ప్రతి ముక్కలోనూ పిల్లల ముఖాలు కనిపించాయి. బయటికి వచ్చాక ఎవరూ కాసేపు మాట్లాడలేదు. తరువాత ఒకడు వీధిలో ఉడికించిన టర్నిప్ దుంపలు అమ్మే బండి చూశాడు, అంతే, ముప్పై మందీ దాని చుట్టూ మూగారు. ఆవిర్లు కక్కుతున్న ఎర్రని దుంపలు, మీద ఉప్పు. నాకు ఒక ముక్క చల్లార్చి ఇచ్చి, "నోషీ గ్యాన్, మామొస్తా" అన్నారు. ఆ రోజు రెండు సంగతులనూ విడదీసి ఆలోచించడం నాకు ఇప్పటికీ చేతకావడం లేదు.

మార్చి నెల అక్కడ అట్లాగే ఉంటుంది. పదో తేదీన పిల్లలంతా కుర్దిష్ దుస్తుల్లో వస్తారు. మగపిల్లలు నడుముకు మీటర్ల కొద్దీ గుడ్డ చుట్టుకుని, ఆడపిల్లలు మెరుపుల బట్టల్లో. పదహారున హలబ్జాను తలచుకుంటారు. మా ఊరికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, 1988లో ఆ రోజున రసాయన బాంబులతో దాదాపు 5000 మందిని చంపేశారు. ఆ ఒక్క రోజు స్టాఫ్‌రూములో టీ గ్లాసుల చప్పుడు కూడా వినిపించదు. మళ్ళీ ఇరవయ్యో తేదీ సాయంత్రానికి కొండల మీద నెగళ్ళు వెలుగుతాయి, ఇరవయ్యొకటిన నౌరోజ్, అంటే వాళ్ళ కొత్త సంవత్సరం. ఊరు ఊరంతా పచ్చిక మీదికి వచ్చేస్తుంది. ఆ వనభోజనాన్ని సైరాన్ అంటారు. చేయీ చేయీ పట్టుకుని వరుసగా ఆడే హల్పర్కేలో ముందు నిలబడినవారు రుమాలు ఊపుతూ నడిపిస్తారు. నన్ను బలవంతంగా లాగి వరుసలో నిలబెడతారు. నా అడుగులు ఎప్పుడూ ఒక లెక్క వెనకే ఉంటాయి.

2023లో నౌరోజ్ మరునాడే, మార్చి 22న, మన ఉగాది వచ్చింది. అమ్మ కట్టిచ్చిన ఎండు వేపపువ్వు, బెల్లం ఉన్నాయి. తమ్రీ హిందీ బజారులో తెచ్చాను. మామిడికాయ లేక పుల్లని ఆపిలు తరిగాను. పచ్చడి పూర్‌కు పెట్టి, ఆరు రుచులూ ఏమిటో చెప్పమన్నాను. "షీరీన్," అంది బెల్లం తగలగానే. "తిర్ష్," అంది కళ్ళు మూసుకుని ఆనందంగా. వేపపువ్వు తగిలి ముఖం ముడిచి, "తాల్!" అంది. ఆ చేదులో ఉన్నది బరువు ల. నేను సరిగ్గా అదే ల-తో "తాల్" అని తిరిగి అన్నాను. ఆవిడ చేదు మరచిపోయి చప్పట్లు కొట్టింది.

ఒక మాట చెప్పకపోతే ఈ ఉత్తరం సగం అబద్ధమవుతుంది. మా ఊరికి మూడు గంటల దూరంలో ఉన్న ఎర్బిల్‌కు నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వైపు నుంచి ఎందరో పనికి వచ్చారు. విజిట్ వీసా మీద ఏజెంట్లు పంపగా, వర్కు పర్మిట్ లేక, జరిమానాలు పెరిగిపోయి, ఇంటికి వెళ్ళే దారి లేక ఇరుక్కుపోయినవారి వార్తలు మీ పత్రిక పాఠకులకు తెలిసే ఉంటాయి. అక్కడ ఒక హోటలు వంటగదిలో తెలుగు మాట విని లోపలికి వెళ్ళి మాట్లాడాను. "మేడం, మీకు మామొస్తా అంటరు. మాకు పొమ్మంటరు," అన్నాడు ఒకతను నవ్వుతూనే. నా దగ్గర సరైన వీసా, నెలనెలా జీతం, ఉపాధ్యాయురాలన్న పేరు ఉన్నాయి. నేను రాసిన సంతోషాలన్నీ వాటి మీద నిలబడినవే. కాబట్టి ఈ ఉత్తరం చదివి ఎవరైనా ఏజెంటుకు డబ్బు కట్టాలనుకుంటే, ముందు వర్కు వీసా కాగితం చేతికి వచ్చాకే కట్టమని నా మనవి. అయితే ఆ వంటగదిలోనే, గిన్నెలు తోముతున్న అతని పక్క నుంచి వెళుతూ ఒక కుర్దు కుర్రాడు "మాందూ నబీ" అనడం, అతను తలెత్తకుండానే అదే మాట తిరిగి అనడం కూడా విన్నాను.

ఆ అలవాటు నాతోపాటు విమానం ఎక్కి వచ్చేసింది. మొన్న ఒంగోలు బస్టాండు ఎదురుగా ఇడ్లీ బండి దగ్గర నిలబడ్డాను. ఆవిడ ఒక చేత్తో ఇడ్లీ రేకులు దింపుతూ, ఇంకో చేత్తో చిల్లర ఇస్తూ, చెమట తుడుచుకోవడానికి కూడా తీరిక లేకుండా ఉంది. నా నోటి నుంచి అనుకోకుండా "అలిసిపోకమ్మా" అని వచ్చేసింది. ఆవిడ ఒక్క క్షణం ఆగి, నన్ను కింది నుంచి పైదాకా చూసి, "అలిసిపోకపోతే ఎట్టా జరుగుద్దమ్మా? ఎన్ని కట్టమంటావు?" అంది. రెండు ప్లేట్లు కట్టించుకున్నాను. చట్నీ ఒక గరిటె ఎక్కువే పోసింది.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు,
సులేమానియా, ప్రస్తుతం ఒంగోలు.